ఎడారికి ఎన్ని వేసవులు?

మే నెల చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం జోధ్‌పూర్‌ నుంచి వచ్చిన బస్సు నన్ను జైసల్మేర్‌లో దించింది. పసుపురాతి కోట ఎండలో కరిగిన బంగారంలా మెరుస్తోంది. వీధిలో మనిషన్నవాడు లేడు. ఒక అరుగు నీడలో కుక్క, మరో అరుగు నీడలో మేక కళ్ళు మూసుకుని కాలం గడుపుతున్నాయి. గాలి వీస్తోంది గాని, ఆ గాలి కంటే గాలి లేకపోవడమే నయమనిపించింది. కుమ్మరి ఆవము తలుపు తీసి ముఖం ముందు పెట్టినట్లుంది. ఉత్తరాది వారు ‘లూ’ అనీ, మనం వడగాలి అనీ పిలిచేది దీనినే.

నాకు ఆతిథ్యమిచ్చిన పెద్దాయన పదవీ విరమణ చేసిన బడిపంతులు. డెబ్బై ఏళ్ళు దాటాయి. కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టి, గంటకొకసారి దానిమీద నీళ్ళు చల్లుతున్నాడు. తడికలోంచి వచ్చే గాలి చల్లగా, మట్టివాసనతో ఉంది. పక్కగదిలో కూలర్‌ కూడా అదే పని కాస్త చప్పుడుతో చేస్తోంది.

“ఇంత ఎండలో ఎలా బతుకుతారండీ?” అని అడిగాను.

ఆయన నవ్వాడు. “ఇది నౌతపా బాబూ. సూర్యుడు రోహిణిలో ప్రవేశించాక మొదటి తొమ్మిది రోజులు. ఈ తొమ్మిది రోజులూ బాగా కాగితేనే తర్వాత వానలు బాగా పడతాయని మావాళ్ళ నమ్మకం. ఈ ఎండకు మేము భయపడం. నీడా, నీళ్ళూ ఉన్నవాణ్ణి ఇది అంత తేలికగా చంపదు. జులైలో మేఘాలు వచ్చాక ఈ తడిక పనిచేయడం మానేస్తుంది చూడు, అప్పుడు ఉక్కిరిబిక్కిరి అవుతాం.”

రోహిణి అనగానే నాకు మా ఊరు గుర్తుకొచ్చింది. రోహిణీ కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయన్న సామెత వింటూ పెరిగినవాణ్ణి. పన్నెండువందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, పరాయి భాషలో, అదే నక్షత్రాన్ని కలుసుకున్నాను. కాని ఆ పెద్దాయన చివర చెప్పిన మాట నాకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. అది అర్థమయ్యేసరికి నేను పుస్తకాలలో మరికొన్ని ఎడారులు తిరగవలసి వచ్చింది.

ఒక అనువాదకుడి పొరపాటు

నా వృత్తి అనువాదం. చదివింది ఆంగ్ల సాహిత్యం. షేక్‌స్పియర్‌ తన ప్రియమైన వ్యక్తిని వేసవి దినంతో పోల్చబోయాడని కళాశాలలో మొదటిసారి విన్నప్పుడు, మా తరగతిలో అందరం నవ్వుకున్నాం. ప్రేమించినవారిని ఎవరైనా వేసవితో పోలుస్తారా? ఇంగ్లండు వేసవి మన వేసవి కాదని తర్వాత తెలిసింది. ఒకే మాట రెండు దేశాలలో రెండు ఋతువులు. అనువాదకుడికి అది మొదటి పాఠం.

ఆ పాఠం నేర్చుకున్న నేనే 2006లో పిల్లల కోసం ఒక విజ్ఞాన గ్రంథాన్ని తెలుగు చేస్తూ, ఎడారి వచ్చిన ప్రతిచోటా ‘మండుటెండ’ అని రాసేశాను. సహారా అయినా, చిలీ అయినా, మంగోలియా అయినా నా తెలుగులో ఒకే ఎండ. పైగా, ప్రపంచంలో అత్యధిక ఉష్ణోగ్రత లిబియాలోని అల్‌ అజీజియాలో 1922 సెప్టెంబరు 13న నమోదయిన 58 డిగ్రీలు అని కూడా రాశాను. మూలంలో అలాగే ఉంది. ఆనాటి పాఠ్యపుస్తకాలన్నీ అలాగే చెప్పేవి. సామాన్య విజ్ఞాన పోటీలలో ఆ జవాబు చెప్పి బహుమతులు తెచ్చుకున్నవారు మన పాఠకులలోనూ ఉండవచ్చు.

సరిగ్గా తొంభై సంవత్సరాల తర్వాత, 2012 సెప్టెంబరు 13న, ప్రపంచ వాతావరణ సంస్థ ఆ అంకెను కొట్టివేసింది. నిపుణుల బృందం పాత దస్తావేజును పరిశీలిస్తే, ఆనాటి పరికరాన్ని చదవడంలో అనుభవం లేని వ్యక్తి పొరపాటు చేసి ఉంటాడనీ, చుట్టుపక్కల కేంద్రాల లెక్కలతో ఆ అంకె పొసగడం లేదనీ తేలింది. ఇప్పుడు ఆ స్థానం అమెరికాలోని మృత్యులోయది. 1913 జులై 10న అక్కడ నమోదయిన 56.7 డిగ్రీలు నేటికీ ఆ సంస్థ అంగీకరించిన రికార్డు.

నేను పుస్తకం తీసి ఆ పేజీని ఎర్రసిరాతో దిద్దుకున్నాను. అంకె దిద్దడం తేలిక. ‘మండుటెండ’ను దిద్దడమే కష్టమయింది. ఒక్కొక్క ఎడారి వేసవికి ఒక్కొక్క మాట కావలసి వచ్చింది.

పొడి కొలిమి

ముందుగా గమనించవలసిన సంగతి ఒకటుంది. ఎడారిని ఎడారిగా చేసేది వేడిమి కాదు, నీటి కొరత. వాన తక్కువై, ఉన్న తడి కూడా ఆవిరై పోయేచోటు ఎడారి. అటువంటి చోట్లు ఏర్పడడానికి కారణాలు వేరు వేరు. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కి పైకి లేచిన గాలి తన తేమనంతా అక్కడే వానగా కురిపించి, ఉత్తరాన, దక్షిణాన సుమారు 30 డిగ్రీల అక్షాంశాల దగ్గర పొడిగా కిందికి దిగుతుంది. దిగే గాలి వేడెక్కుతుంది, మేఘం కట్టనివ్వదు. సహారా, అరేబియా, ఆస్ట్రేలియా ఎడారులు ఈ దిగుడుగాలి బిడ్డలు. కొన్ని ఎడారులు పర్వతాల చాటున పుట్టాయి. కొన్ని సముద్రానికి బహుదూరంగా ఉండి ఎండిపోయాయి. మరికొన్ని, వింతగా, సముద్రం ఒడ్డునే ఉండి ఎండిపోయాయి.

మనం బొమ్మల్లో చూసే వేసవి మొదటి రకానిది. అల్జీరియాలోని వార్‌గ్లాలో 2018 జులై 5న 51.3 డిగ్రీలు నమోదయింది. అదే సహారాలో, అదే అల్జీరియాలో, సుమారు 1,400 మీటర్ల ఎత్తున ఉన్న తమన్‌రాసెత్‌లో వేసవి పగలు 35 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. మన విజయవాడ వాసికి అది సేద తీరే చోటే. ఒకే ఎడారిలో ఇంత తేడా.

మృత్యులోయ సంగతి వేరు. కాలిఫోర్నియాలో నిట్టనిలువు పర్వతాల మధ్య ఇరుకుగా ఉన్న ఈ లోయలో అట్టడుగు స్థలం సముద్రమట్టానికి 86 మీటర్ల దిగువన ఉంది. పైకి లేచిన వేడిగాలి పర్వతాలు దాటి పోలేక చల్లబడీ చల్లబడకుండానే మళ్ళీ లోయలోకి దిగుతుంది. అందుకే అక్కడ రాత్రులు కూడా కరుణించవు. 2024 జులైలో పగలూ రాత్రీ కలిపి చూసిన నెల సగటే 42.5 డిగ్రీలు.

ఇరాన్‌లోని లూత్‌ ఎడారి మరో పాఠం నేర్పుతుంది. ఉపగ్రహాలు అక్కడి నేలను కొలిచినప్పుడు 2005లో 70.7 డిగ్రీలు కనిపించింది. తర్వాతి పరిశీలనల్లో 80 డిగ్రీలు దాటింది కూడా. అయితే ఇది నేల వేడి, గాలి వేడి కాదు. వాతావరణ కేంద్రాలు నీడలో, మనిషి ఛాతీ ఎత్తున ఉండే గాలిని కొలుస్తాయి. చెప్పులు లేకుండా మిట్టమధ్యాహ్నం తారురోడ్డు దాటిన ప్రతివారికీ ఈ రెండింటి తేడా అనుభవంలో ఉన్నదే.

పొగమంచు వేసవి

ఇప్పుడు దక్షిణార్ధగోళానికి వెళదాం. మనకు సంక్రాంతి చలి ఉన్నప్పుడు వారికి నడివేసవి. చిలీ దేశపు అటకామా ఎడారి తీరాన ఉన్న ఆంటోఫగాస్టా నగరంలో జనవరి మాసపు పగటి ఉష్ణోగ్రత 24 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. ప్రపంచంలో అతి పొడి ఎడారిలో నడివేసవి మన అరకులోయ చలికాలపు పగలులా ఉంటుందంటే నమ్మడం కష్టం. అంటార్కిటికా వైపు నుంచి తీరం వెంట పారే చల్లని సముద్ర ప్రవాహం అక్కడి గాలిని చల్లబరుస్తుంది. చల్లగాలి పైకి లేవదు. లేవని గాలి వానమేఘం కాలేదు. తీరాన పొగమంచు మాత్రం కమ్ముతుంది. ఆ తీరంలోని ఆరికా పట్టణంలో 1903 అక్టోబరు నుంచి 1918 జనవరి వరకు చినుకు పడలేదు. ఆ మధ్యకాలంలో పుట్టిన పిల్లలు బడికి వెళ్ళి, చదవడం రాయడం నేర్చుకుని, వాన అనే మాటను రాయగలిగి ఉంటారు గాని వానను చూసి ఉండరు.

అటకామా దక్షిణపు అంచున చుంగుంగో అనే చిన్న పల్లెవారు 1990 దశకంలో కొండమీద పెద్ద పెద్ద వలలు కట్టి, పొగమంచును నీటిబొట్లుగా పట్టి, గొట్టాల ద్వారా ఊళ్ళోకి తెచ్చుకున్నారు. చేపల వల గాలిలో పరచి నీళ్ళు పట్టిన పల్లె అది.

ఆఫ్రికా నైరుతి తీరాన నమీబ్‌ ఎడారిదీ ఇదే కథ. అక్కడ ఒక నల్లని పేడపురుగు వంటి జీవి పొగమంచు కమ్మిన తెల్లవారుజామున ఇసుకదిబ్బ ఎక్కి, తల కిందికీ నడుము పైకీ పెట్టి గాలికి ఎదురుగా నిలబడుతుంది. వీపుమీద చేరిన మంచుబొట్లు జారి నోట్లో పడతాయి. డిసెంబరు సెలవుల్లో నమీబియా రాజధాని వాసులు వేడి తప్పించుకోవడానికి పరుగెత్తేది ఈ ఎడారి తీరంలోని స్వాకోప్‌ముండ్‌ పట్టణానికే. వేసవి విడిదికి ఎడారికి పోయేవారూ లోకంలో ఉన్నారన్నమాట.

వాన తెచ్చే వేసవి

మూడో రకం ఎడారులకు వేసవే వానాకాలం. మంగోలియాలోని గోబీలో చలికాలం 40 డిగ్రీలు సున్నాకు దిగువకు పోగలదు. వేసవి పగలు 35 దాటగలదు. ఏడాదిలో పడే కొద్దిపాటి వానలో ఎక్కువ భాగం జులై, ఆగస్టు మాసాలలోనే పడుతుంది. పశుకాపరులకు అది గడ్డి మొలిచే కాలం, పాలకాలం. వారికి ఎడారిలో శత్రువు వేసవి కాదు, శీతాకాలం.

అమెరికా, మెక్సికోల నడుమ ఉన్న సొనోరా ఎడారిలోనూ జులైలో వర్షర్తువు వస్తుంది. అక్కడి తొహోనో ఓఓధమ్‌ ప్రజలు జూన్‌ ఎండల్లో పొడవాటి కర్రలతో సగువారో అనే మహాకాయమైన నాగజెముడు పండ్లను కోసి, వాటి రసం పులియబెట్టి, వానను పిలిచే వేడుక చేసుకుంటారు. వారికి సంవత్సరాది ఆ వానతోనే.

మన థార్‌ ఎడారీ ఈ కుటుంబానిదే. జైసల్మేర్‌ ప్రాంతంలో ఏడాదికి పడే సుమారు 200 మిల్లీమీటర్ల వానలో అధికభాగం నైరుతి ఋతుపవనాలదే. 2016 మే 19న రాజస్థాన్‌లోని ఫలోదీలో 51 డిగ్రీలు నమోదయింది; అది భారతదేశపు రికార్డు. ఆ పెద్దాయన చెప్పిన నౌతపా నమ్మకాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. వాయవ్య భారతం కాగినప్పుడు అక్కడ అల్పపీడనం ఏర్పడి, సముద్రపు గాలులను లోపలికి పిలవడంలో పాలుపంచుకుంటుంది. తొమ్మిది రోజుల ఎండే ఏడాది వానను నిర్ణయించదు గాని, ఎడారి వేడికీ దేశం పంటకూ సంబంధం ఉన్నమాట నిజం.

ఆరని చెమట

ఇక నాలుగో వేసవి. దీని గురించి నాకు పుస్తకాలు చెప్పలేదు. మా చిన్నాన్న కొడుకు చెప్పాడు. వాడు జగిత్యాల దగ్గరి మా పల్లె నుంచి ఖతార్‌ వెళ్ళి భవన నిర్మాణంలో ఇనుపచట్రాలు కట్టే పని చేస్తున్నాడు. జైసల్మేర్‌ నుంచి తిరిగొచ్చిన ఏడాది ఆగస్టులో ఫోను చేస్తే, నేను చూసిన 46 డిగ్రీల గురించి గొప్పగా చెప్పాను.

“నలభై ఆరా? ఇక్కడ ఇయ్యాల నలభయ్యే అన్నా. నీ నలభై ఆరు నాకియ్యి, నా నలభై నువ్వు తీసుకో” అన్నాడు. “ఎండతోని భయం లేదు. చెమట ఆరదు. అదే భయం. అంగీ పిండితే బకెట్‌ నిండుతది గని పానం చల్లబడదు.”

అప్పుడు నాకు వట్టివేళ్ళ తడిక అర్థమయింది. మనిషి ఒళ్ళు కూడా ఒక తడికే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దేహం నుంచి సుమారు 580 కిలోకేలరీల వేడి తీసుకుపోతుంది. అయితే చెమట కారడం వేరు, ఆరడం వేరు. పొడిగాలిలో చెమట కనిపించకుండానే ఆరిపోతుంది. నీళ్ళు తాగుతున్నంతసేపు దేహం తట్టుకుంటుంది. గాలి అప్పటికే తేమతో నిండి ఉంటే చెమట కారిపోతుంది గాని ఆరదు. వేడి లోపలే నిలిచిపోతుంది. తడిబట్ట చుట్టిన ఉష్ణమాపకం 35 డిగ్రీలు చూపేచోట, నీడలో ఊరకే కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా కొద్ది గంటలకు మించి నిలవలేడని శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. పనిచేసేవాడి హద్దు అంతకంటే చాలా కింద ఉంటుంది.

పర్షియన్‌ గల్ఫ్‌ లోతు తక్కువ సముద్రం. వేసవిలో ఆ నీరు స్నానానికి కాచినట్లు వెచ్చబడుతుంది. దాని ఆవిరి ఒడ్డునున్న ఎడారి మీద కమ్ముతుంది. వాన పడదు, తేమ మాత్రం ఉంటుంది. సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో 2003 జులై 8న మంచు బిందువు 35 డిగ్రీలకు చేరింది. గాలిలో అంత నీరు ఉండడం లోకంలో బహు అరుదు. అదే గల్ఫ్‌లో ‘షమాల్‌’ అనే వాయవ్యపు గాలి వీచిన రోజున గాలి పొడిబారుతుంది. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జులై 21న 53.9 డిగ్రీలు నమోదయింది. అంకెలో ఇది పెద్దది. ప్రాణానికి ఏది పెద్దదో అంకె ఒక్కటే చెప్పదు.

ఈ సంగతి ఆ దేశాల చట్టాలూ గుర్తించాయి. ఖతార్‌లో 2021 నుంచి జూన్‌ 1 మొదలు సెప్టెంబరు 15 వరకు ఉదయం పది గంటల నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఆరుబయట పని నిషేధం. వేడి, తేమ, ఎండ, గాలి కలిపి కొలిచే సూచిక 32.1 దాటితే ఏ గంటలోనైనా పని ఆపాలన్న నియమం కూడా పెట్టారు. కరీంనగర్‌, నిజామాబాద్‌ ప్రాంతాల నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ గల్ఫ్‌కు వెళ్ళిన వేలాది కుటుంబాలకు ఈ అంకెలు వార్తాపత్రిక విశేషాలు కావు.

అదే అరేబియా ద్వీపకల్పంలో మరో వింత. ఒమాన్‌ దక్షిణ తీరాన సలాలా చుట్టూ ఉన్న కొండలు జూన్‌ నుంచి సెప్టెంబరు దాకా పచ్చగా, మంచుతుంపరలో తడుస్తూ ఉంటాయి. మనకు వాన తెచ్చే నైరుతి గాలే వారి కొండలనూ తాకి పోతుంది. ఆ కాలాన్ని వారు ‘ఖరీఫ్‌’ అంటారు. మన రైతు ఖరీఫ్‌ పంట అన్నప్పుడు పలికే మాట అదే. కొండలకు ఆవలిపక్క రుబ్‌ అల్‌ ఖాలీ ఇసుకలో నిప్పులు కురుస్తుంటాయి.

చలి ఎడారి వేసవి

చలి ఎడారుల వేసవికీ ఒక మాట కావాలి. అంటార్కిటికాలోని మెక్‌మర్డో పొడిలోయల్లో మంచు కూడా నిలవదు. అక్కడ నడివేసవిలో ఉష్ణోగ్రత సున్నా దరిదాపుల్లోకి వస్తే హిమానీనదం అంచు కరిగి, ఓనిక్స్‌ అనే నది రెండు నెలల పాటు ప్రవహించి ఆగిపోతుంది. ఆ ఎడారికి వేసవి అంటే నీళ్ళు.

లద్దాఖ్‌లోనూ వేసవి అంటే మంచు కరిగిన నీరు, బార్లీ పంట. లేహ్‌లో ఏడాదికి పడేది 100 మిల్లీమీటర్ల దరిదాపు. ఆ నమ్మకంతోనే అక్కడివారు పచ్చి ఇటుకలతో, చదును కప్పులతో ఇళ్ళు కట్టుకున్నారు. 2010 ఆగస్టు 5 అర్ధరాత్రి మేఘం విరుచుకుపడినప్పుడు ఆ మట్టి ఇళ్ళు బురదై పోయాయి. రెండువందల మందికి పైగా మరణించారు. ఎడారిలో మనిషి ఇల్లు తన వేసవిని నమ్మి కట్టుకుంటాడు. వేసవి మాట తప్పితే ఇల్లు నిలవదు.

వేసవులు మాట తప్పుతున్న కాలం ఇది. సొనోరా నడిబొడ్డునున్న ఫీనిక్స్‌ నగరంలో 2023లో వరుసగా 31 రోజులు ఉష్ణోగ్రత 43.3 డిగ్రీలకు తగ్గలేదు. నగరమున్న మారికోపా కౌంటీలో ఆ ఏడాది వేడికి బలైన వారు 645 మంది. సగానికి దగ్గరగా ఇల్లు లేనివారే. లోకంలో చల్లటి యంత్రాలకు కొదవలేని దేశంలో నీడ కొదవయింది.

జమ్మి నీడలో

జైసల్మేర్‌ నుంచి బయలుదేరే రోజు ఆ పెద్దాయన నన్ను ఊరిబయట ఒక చెట్టు కిందకు తీసుకుపోయాడు. చుట్టూ గడ్డిపోచ లేదు. చెట్టు మాత్రం ఆ ఎండలో పచ్చగా ఉంది. “ఖేజ్రీ. మా రాష్ట్ర వృక్షం. దీని కాయలే నిన్న నువ్వు తిన్న కూర” అన్నాడు. ఆకు చూసి గుర్తుపట్టాను. అది మన జమ్మి. దసరానాడు మనం ఆకు కోసి పెద్దల చేతిలో పెట్టి నమస్కరించే జమ్మి. తెలంగాణకూ అదే రాష్ట్ర వృక్షం.

ఆ చెట్టు కింద నిలబడితే మన వేసవి గుర్తుకొచ్చింది. 2015 మే మాసంలో, రోహిణీ కార్తె రోజుల్లో, రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి వెయ్యి మందికి పైగా వడదెబ్బకు రాలిపోయారు. ఉపాధి పనికీ, మేకలు కాయడానికీ, ఇటుక బట్టీలకూ వెళ్ళక తప్పనివారే అందులో ఎక్కువ. మనది ఎడారి కాదు. అయినా వాయవ్యం నుంచి ఎడారి గాలి మనదాకా వస్తుంది, సముద్రం నుంచి తేమా వస్తుంది. జైసల్మేర్‌ వేసవి, ఖతార్‌ వేసవి రెండూ మన గుమ్మంలో కలుస్తాయి. తెలంగాణ మెట్టన తడిబట్ట కట్టుకుంటే ఉపశమనం. కోస్తాలో ఉక్కపోత రోజున ఆ తడిబట్టే బరువు. ఉష్ణోగ్రత ఎంత అని అడగడంతోపాటు గాలిలో తడి ఎంత అని అడగడం మనం అలవాటు చేసుకోవాలి. ఆ ప్రశ్న కొన్ని ప్రాణాలు నిలుపుతుంది.

పిల్లల పుస్తకం మళ్ళీ అచ్చుకు వెళ్ళినప్పుడు ‘మండుటెండ’ను చాలాచోట్ల కొట్టివేశాను. ఒకచోట పొడిసెగ, ఒకచోట పొగమంచు, ఒకచోట తొలకరి, ఒకచోట ఉక్కపోత అని రాశాను. పని ముగించిన రాత్రి ఖతార్‌ నుంచి ఫోను వచ్చింది.

“ఎలా ఉందిరా అక్కడ?” అన్నాను.

“మంచిగున్నదన్నా. ఇయ్యాల షమాల్‌ వీస్తున్నది. కండ్లల్ల దుమ్ము కొడుతున్నది గని,” అని ఒక్క క్షణం ఆగి, “చెమట ఆరుతున్నది” అన్నాడు.